సవరణ: లైట్ షోకి పాటల లైసెన్స్ గురించి

మొన్న అమెరికాలో క్రిస్మస్ లైట్ షో (ఇంటి ముందు పాటలకి తగ్గట్టు లైట్లు వెలిగించడం) పెట్టేవాళ్ల కోసం రాసిన పోస్టులో "పాట డబ్బిచ్చి కొన్నాం, టికెట్ పెట్టట్లేదు, ఇంక ఏ లైసెన్సూ అక్కర్లేదు" అన్నాను కదా, అది తప్పు. అక్కడి కాపీరైట్ చట్టం సెక్షన్ 110(4) సరిగ్గా చదవకుండా రాసేశాను, పొరపాటు నాదే.

పాట కొంటే మనం వినడానికే హక్కు, వీధిలో అందరికీ వినిపించడం వేరే హక్కు. లాభం లేకుండా, ఎవరికీ డబ్బివ్వకుండా, ఎంట్రీ ఫీజు లేకుండా చేస్తే 110(4) మినహాయింపు ఉంది, కానీ అందులో "ప్రజలకి ట్రాన్స్‌మిట్ చేస్తే వర్తించదు" అని స్పష్టంగా ఉంది, నేను వదిలేసింది ఆ ముక్కే. అంటే గరాజ్ దగ్గర స్పీకర్ పెట్టడం ఒకటి, లాన్‌లో "రేడియో ఇక్కడికి ట్యూన్ చేయండి" అని బోర్డు పెట్టి కార్లలోకి ఎఫ్ఎం‌లో పంపడం ఇంకొకటి. రెండోదానికి ఆస్కాప్, బీఎంఐ లాంటి, పాటల హక్కుదారుల తరఫున లైసెన్సులిచ్చే సంస్థల లైసెన్స్ సంగతి చూసుకోవాలి. ట్రాన్స్‌మిటర్‌కి ఎఫ్‌సీసీ (అక్కడ రేడియో ప్రసారాలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) రూల్ మళ్లీ వేరు, లైసెన్స్ లేనిదైతే రేంజ్ సుమారు 200 అడుగులే, చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు (నేనూ కలిపేశాను).

ఇంకోటి, "జింగిల్ బెల్స్" 1857 నాటిది కాబట్టి ఫ్రీ అన్నది నిజమే, కానీ ట్యూన్, మాటల వరకే. ఈమధ్య ఎవరో పాడిన రికార్డింగ్ వాడి షో వీడియో యూట్యూబ్‌లో పెడితే ఆ రికార్డింగ్ వాళ్లు క్లెయిమ్ వేయొచ్చు.

పాత పోస్టులో ఆ లైన్ కొట్టేశాను.