30 బైట్ల సంస్కారం

పేరు పొడుగైతే ఆయుష్షు పొడుగు అనుకునే జాతి మనది. తాతగారి పేరు, ఇలవేల్పు పేరు, మొక్కుకున్న దేవుడి పేరు కలిపి బారసాలనాడు బియ్యంలో రాస్తాం. పళ్లెం చాలకపోతే ఇంకో పళ్లెం తెస్తాం. ఈ దురలవాటును మాన్పించే పుణ్యం, సమాచారాన్ని పట్టికల్లో దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఒరాకిల్ కట్టుకుంది. టేబులైనా (పట్టిక), అందులోని కాలమైనా (నిలువు వరుస), పేరు 30 బైట్లు (ఇంగ్లీషు అక్షరానికి ఒకటి) దాటరాదని ఏళ్ల తరబడి గుమ్మంలో కాపలా కాసింది. దాటితే ఓఆర్‌ఏ-00972 అనే ఎర్రర్, అంటే పేరు మరీ పొడుగని.

ఆ క్రమశిక్షణలో పెరిగినవాణ్ని, గర్వంగా చెబుతున్నాను. 'కస్టమర్_మంత్లీ_బిల్లింగ్_సమ్మరీ' ఇంగ్లీషులో 32 అక్షరాలు. రెండే ఎక్కువ! మా టీము గంటన్నర కూర్చుని అచ్చులన్నీ పీకేసింది. బిల్లింగ్ కాస్తా 'బీఎల్‌ఎన్‌జీ' అయింది. అది బిల్లింగో, బిలాంగింగో తెలిసిన ఒక్కడూ ఇప్పుడు నోటీసు పీరియడ్‌లో ఉన్నాడు. ఉద్యోగ భద్రతంటే మరేమిటి?

చివరికి ఒరాకిల్ కూడా చెడిపోయింది, 12.2 వెర్షన్‌లో 128 బైట్లకు ఒప్పుకుంది. డేటాబేస్ పేరుకు మాత్రం ఇంకా 8 బైట్లే. ఆ మాత్రం సిగ్గు మిగిలింది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మరో డేటాబేస్ 128 అక్షరాలిస్తుంది, మైఎస్‌క్యూఎల్ 64. డేటాబేస్‌ల భాషకు రాసిన ఎస్‌క్యూఎల్-92 ప్రమాణం 128 అంటూనే, కింది మెట్టైన ఎంట్రీ లెవెల్‌కు 18 చాలంది. అందరూ ప్రామాణికులే, ఒకరి స్కీమా (టేబుళ్ల నమూనా) ఇంకొకరి ఇంట్లో తిన్నగా నడిస్తే ఒట్టు.

పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌ది మెతక స్వభావం. కాదనదు. 63 బైట్ల దగ్గర తోక కోసి, కోశానని ఒక నోటీస్ గొణిగి, పని కానిచ్చేస్తుంది. డేటాను కొత్త ఇంటికి మార్చే మైగ్రేషన్ స్క్రిప్టు కక్కే వేల లైన్లలో ఆ గొణుగుడు ఎవడికి వినబడుతుంది? తోకలో మాత్రమే తేడా ఉన్న రెండు ఇండెక్సులు (వెతకడానికి వాడే సూచికలు) చేయబోతే, రెండోది ఇప్పటికే ఉందంటుంది. కవలల్లో ఒకడికి అన్నం పెట్టి, రెండోవాణ్ని 'ఇందాకే తిన్నావుగా' అన్నట్టు.

ఇక మాతృభాషాభిమానంతో కాలమ్‌లకు తెలుగు పేర్లు పెడదామనేవారికి ఒక హితవు. 'వినియోగదారుడు' మన లెక్కకు ఏడక్షరాలు. కంప్యూటర్లో అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్ గుణింతాలను విడిగా లెక్కేస్తుంది కనుక 13. ఆ నంబర్లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు చొప్పున 39 బైట్లు. పాత ఒరాకిల్‌లో వాడికి ప్రవేశమే లేదు. పోస్ట్‌గ్రెస్ రానిస్తుంది. అయితే 'వినియోగదారుడి_చిరునామా' అన్నారో, సరిగ్గా 64 బైట్లు. ఒక్క బైటు కోసం అక్షరాన్ని చీల్చడం మర్యాద కాదు గనుక అది చివరి దీర్ఘాన్ని మొత్తంగా తీసేస్తుంది. వినియోగదారుడు భద్రంగానే ఉంటాడు, 'చిరునామ'లో.