నురగ వచ్చిందంటే మురికి పోయినట్టు కాదు

ఈరోజు పొద్దున ఎనిమిదింటికి మా అపార్ట్‌మెంట్‌లో మెట్లు కడిగారు. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర అయింది. నా కోపం ఇంకా చల్లారలేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

పాలప్యాకెట్ కోసం కిందికి దిగుతున్నా. రెండో అంతస్తు దాటగానే ముక్కు భగ్గున మండింది. గొంతులో కారం పోసినట్టయింది. కింద చూస్తే మెట్లు కడిగే అక్క మోటారు స్విచ్చు పక్కన చతికిలబడి దగ్గుతోంది. కొంగు తడిపి ముక్కుకు కట్టుకుంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పక్కనే ఒక మగ్గు, పాత కూల్‌డ్రింక్ సీసాలో సగం యాసిడ్, చింపిన బ్లీచింగ్ పౌడర్ ప్యాకెట్. మెట్ల మీద తెల్లగా నురగ బుసబుసా పొంగుతోంది.

"ఏందక్కా, రెండూ కలిపినావా?" అన్నా.

"మరకలు పోలేదంట మేడమ్. రెండూ వేసి కడగమన్నారు" అంది. అంతే, మళ్లీ దగ్గు తెర.

ఆమెను పట్టుకుని గేటు బయటికి తీసుకుపోయా, గాలి తగిలే చోట కూర్చోబెట్టా, కళ్లు కడిగించా. ఆసుపత్రికి పోదాం రమ్మంటే రాలేదు. ఇంకా రెండు అపార్ట్‌మెంట్లలో పని ఉందంట, పోకపోతే మాట పడాలంట. అరగంట తర్వాత అదే దగ్గుతో లేచి వెళ్లిపోయింది.

నేరుగా మా అసోసియేషన్ పెద్దాయన దగ్గరికి పోయి అడిగా. ఆయన పేపర్ కూడా పక్కన పెట్టలేదు. "పదేళ్ల నుంచి ఇట్లే కడిగిస్తున్నాం కదమ్మా, ఎవరన్నా చచ్చిపోయినారా?" అన్నాడు.

ఎవరన్నా చచ్చిపోయినారా! పొద్దుటి నుంచి ఈ మాట నా చెవిలో మోగుతూనే ఉంది. అంటే ఒక మనిషి చచ్చిపోతే గానీ మనం సీసా మార్చమా? దగ్గు లెక్కలోకి రాదా? కళ్ల మంట లెక్కలోకి రాదా? ఆ మెట్ల మీద వాళ్లింటి ఆడబిడ్డ కూర్చుని దగ్గితే ఇదే మాట అంటాడా ఆయన?

బాత్‌రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, బెల్జియంలోని ఈప్ర దగ్గర సైనికుల మీదికి వదిలిన వాయువు ఇదే. ఊపిరితిత్తుల్లో తడి తగలగానే మళ్లీ యాసిడ్‌గా మారి లోపల కాలుస్తుంది. మోతాదు తక్కువైతే దగ్గు, మంట. గది చిన్నదై కిటికీ మూసి ఉంటే మనిషి బయటికి రావడమే కష్టం. అమ్మోనియా ఉన్న క్లీనర్లను బ్లీచింగ్‌తో కలిపినా ఇట్లాంటి ప్రమాదమే.

ఇది నాకు పుస్తకంలో చదివితే తెలియలేదు. 2020 లాక్‌డౌన్‌లో, అందరూ కూరగాయలకు కూడా సబ్బు రుద్దుతున్న రోజుల్లో, నేనే ఈ పని చేశా. బాత్‌రూం తలుపు వేసుకుని యాసిడ్ పోశా, మరక పోలేదని దాని మీదే బ్లీచింగ్ చల్లా. రెండు నిమిషాల్లో ఊపిరి అందలేదు. గడియ ఎటుందో కనబడలేదు, చేత్తో తడుముకుంటూ తీసి హాల్లోకి వచ్చి పడ్డా. మా చిన్నది అప్పుడు నాలుగేళ్ల పిల్ల, అమ్మా అమ్మా అని ఏడుస్తూ నా మీద పడింది. ఆ రోజు నుంచి మా ఇంట్లోకి యాసిడ్ సీసా రాలేదు. అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ చెబుతూనే ఉన్నా. చాదస్తం అన్నా చెబుతా.

ఇంకో సంగతి. ఆ నురగ చూసి అందరూ మురికి ఊడి వస్తోందనుకుంటారు. పొద్దున ఆ పెద్దాయన కూడా "చూడమ్మా, ఎట్లా పొంగుతా ఉందో, అంత మురికి ఉంది" అన్నాడు. అయ్యా, మన మెట్లకు వేసింది బేతంచర్ల బండ. అది సున్నపురాయి. సున్నపురాయి మీద యాసిడ్ పడితే రాయే కరుగుతుంది. ఆ పొంగు రాయి లోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్. కడప బండకైనా ఇదే గతి. నమ్మకం లేకపోతే మా మొదటి అంతస్తు మూల మెట్టు మీద చెయ్యి పెట్టి రుద్ది చూడండి. గోడ పక్కన, యాసిడ్ తగలని చోట, పాలిష్ ఇంకా అద్దంలా ఉంది. నడిమధ్యన గరుకుగా, చిన్న చిన్న గుంటలతో, ఉప్పుకాగితంలా ఉంది. ఆ గరుకులో దుమ్ము ఇరుక్కుంటుంది. దుమ్ము ఇరుక్కుందని మరుసటి వారం ఇంకో మగ్గు యాసిడ్. పదేళ్ల నుంచి మనం చేస్తున్నది మెట్లు కడగడం కాదు, మెట్లు తినెయ్యడం. దానికి ఒక మనిషి ఊపిరి ఖర్చు పెడుతున్నాం.

ఆ యాసిడ్ వచ్చేది ఎక్కడి నుంచో తెలుసా? వారానికోసారి మోపెడ్ మీద "ఫినాయిల్, యాసిడ్" అని మైకులో అరుచుకుంటూ ఒకతను వస్తాడు. సీసాకు చీటీ ఉండదు, పేరుండదు. కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇస్తాడు. 2013లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: యాసిడ్ అమ్మేవాడు కొన్నవాళ్ల వివరాలు రాసుకోవాలి, గుర్తింపు కార్డు చూడాలి, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు అమ్మకూడదు. యాసిడ్ దాడుల్లో ముఖాలు కాలిన ఆడపిల్లలు పోరాడి తెచ్చుకున్న ఆదేశం అది. మా వీధిలో ఏడేళ్ల పిల్లోడు డబ్బులిచ్చి ఆ సీసా పట్టుకుని మెట్లెక్కడం నా కళ్లారా చూశా. ఎండాకాలం మధ్యాహ్నం, దాహంతో ఆడుకుని వచ్చిన పిల్లలకు కూల్‌డ్రింక్ సీసా కనబడితే ఏం చేస్తారో ఒక్కసారి ఆలోచించండి. నాకు రాత్రిళ్లు గుర్తొస్తే నిద్ర పట్టదు.

కర్నూలు వాళ్లకు బ్లీచింగ్ వాసన అంటే ఎందుకింత నమ్మకమో నాకు తెలుసు. 2009 అక్టోబరు వరద చూసిన ఊరు మనది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చి పోయాక, ఇళ్లలో మోకాలి లోతు బురద, కుళ్లిన బియ్యం, చచ్చిన గొడ్లు. వీధుల నిండా తెల్లగా బ్లీచింగ్ చల్లారు. ఆ రోజుల్లో ఆ పొడి నిజంగా అవసరం. కలరా రాకుండా కాపాడేది అదే. మా అమ్మ ఇప్పటికీ ఆ వాసన వస్తేనే ఇల్లు శుభ్రమైనట్టు అంటుంది. వరద తర్వాత వాడాల్సిన మందును ప్రతి ఆదివారం మెట్ల మీద వాడుకుంటూ కూర్చున్నాం, అదీ యాసిడ్‌తో కలిపి. శుభ్రతకు వాసన ఉండదండీ. కడిగిన చోట ఏ వాసనా రాకపోతేనే అది శుభ్రం.

"మరి నువ్వేం వాడతావ్?" అని కామెంట్లలో అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా. అంట్లకూ, నేల తుడవడానికీ, మెట్ల బండలకూ కుంకుడుకాయ. రాత్రి పది పన్నెండు కాయలు గింజలు తీసి నానబెట్టి, పొద్దున మరగబెట్టి, పిసికి వడగడతా. అందులోని సపోనిన్ సబ్బులాగే జిడ్డును వదిలిస్తుంది. రెండు మూడు రోజులకు సరిపడానే చేసుకోవాలి, నిలవ పెడితే పులిసిపోతుంది. మన బోరునీళ్ల ఉప్పు మరకలు పట్టిన కమోడుకు, బకెట్లకు, స్టీలు కుళాయిలకు నిమ్మ ఉప్పు. వేడినీళ్లలో రెండు చెంచాలు కలిపి రాత్రి పోసి వదిలేస్తే పొద్దునకు బ్రష్‌తో ఊడిపోతుంది. దాన్నీ బ్లీచింగ్‌తో కలపకూడదు, బండల మీద అస్సలు పోయకూడదు. అది కూడా యాసిడే, రాయిని తింటుంది. అనంతపురం బత్తాయిలు వచ్చే కాలంలో తొక్కలు పారెయ్యను, వాటితో ఇంట్లో కడగడానికి ద్రవం చేసుకుంటా. ఒక వంతు బెల్లం, మూడు వంతుల తొక్కలు, పది వంతుల నీళ్లు డబ్బాలో వేసి మూడు నెలలు మగ్గబెడతా. మొదటి నెల రోజూ మూత తీసి గ్యాసు వదలాలి, లేకపోతే డబ్బా పగులుతుంది.

వంటసోడాలో వెనిగర్ పోసి బుసబుసలాడించే వీడియోలు పంపకండి. రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని ఇంకొకటి చంపుకుంటాయి. అక్కడా నురగ చూసే మోసపోతున్నాం. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే నేనూ బ్లీచింగే వాడతా. ఒక్కదాన్నే, నీళ్లలో పలచగా కలిపి, కిటికీలన్నీ తీసి. మందును మందులా వాడమంటున్నా, అంతే.

ఇంత చెప్పినా ఈరోజు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఏం పెట్టారో తెలుసా? "మేడమ్ గారికి పైసలు మిగలాలి, అందుకే కుంకుడుకాయ" అని. కింద పదకొండు మంది నవ్వు బొమ్మలు. ఆ నవ్వులు చూడగానే మూడేళ్ల కిందటి సంగతి కళ్ల ముందుకొచ్చింది.

మా మరిది వాళ్ల గృహప్రవేశం. భోజనాలు నా పూచీ అన్నారు. నేను మోదుగ విస్తళ్లు తెప్పించా, మా అమ్మ వాళ్ల ఇంటి నుంచీ పక్కింటి నుంచీ అడిగి నూట ఇరవై స్టీలు గ్లాసులు పోగు చేశా. ఎంత తిరిగానో నాకు తెలుసు. వంట పొయ్యి పక్కన నిలబడి గ్లాసులు లెక్కపెడుతుంటే మా ఆడబిడ్డ అందరి ముందూ "మా వదిన చూడండి, కాగితం గ్లాసులు కొనడానికి కూడా చెయ్యి రాలేదు" అంది. బంధువులందరూ నవ్వారు. నేను ఆ పూట అన్నం తినలేదు.

కాగితం గ్లాసులు లోపల కాగితం కాదు. పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, లేకపోతే టీ కారిపోతుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020లో పరీక్షించి చూశారు: వంద మిల్లీలీటర్ల వేడి ద్రవం పావుగంట ఉంటే పాతికవేల ప్లాస్టిక్ రేణువులు అందులోకి దిగుతాయని. ఆ రోజు నా గ్లాసులు గూట్లో పెట్టించి నాలుగొందల కాగితం గ్లాసులు తెప్పించారు. సాయంత్రం వాటిని ఇంటి వెనక ఖాళీ జాగాలో పోగేసి తగలబెట్టారు. పొగ అంతా పోయింది ఆ జాగా పక్కన గుడిసెల్లోకి. అక్కడ ఒక ముసలామె తలుపు మూసుకోవడం చూశా. తడికె తలుపు అది, పొగను ఆపుతుందా?

మా ఆడబిడ్డ పసిగుడ్డు బట్టల్లో కలరా ఉండలు వేస్తే వద్దని చెప్పా, దానికీ నవ్వింది. అవి నాఫ్తలీన్. జీ6పీడీ లోపం అని పుట్టుకతో వచ్చే రక్తకణాల లోపం ఒకటుంది. అది ఉన్న పసిపిల్లలకు ఆ వాసన పీలిస్తేనే ఎర్రరక్త కణాలు పగిలిపోయి పచ్చకామెర్లు ముదరొచ్చు. ఎండిన వేపాకు పొట్లం కట్టి పెట్టమ్మా అంటే పల్లెటూరి బుద్ధి అంది. దోమల కాయిల్ సంగతీ అంతే. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లోనే పరిశోధకులు లెక్క కట్టారు. ఇంట్లో సిగరెట్ తాగే మొగుడితో గొడవ పడతాం, పిల్లల మంచం కింద కాయిల్ మనమే వెలిగిస్తాం. దోమతెర కడితే గది అందం పోతుందంట.

ఎప్పుడు చూసినా నవ్వేది ఒకరు, పీల్చేది ఇంకొకరు. గ్రూపులో నవ్వు బొమ్మలు పెట్టిన ఆ పదకొండు మందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఎప్పుడైనా మెట్లు కడిగారా? వాళ్ల ఇంటి బాత్‌రూం వాళ్లే కడుక్కుంటున్నారా? ఆ అక్క పేరు కూడా వాళ్లకు తెలియదు, "మెట్లామె" అంటారు. ఆమెకు చేతి తొడుగులు కొనమని నేను పోయిన ఏడాది మీటింగ్‌లో అడిగా. లిఫ్టుకు కొత్త అద్దం వేయించాలి, ఇప్పుడు ఖర్చు పెట్టలేం అన్నారు. అద్దం వేయించారు. తొడుగులు నేనే కొనిచ్చా, ఆ డబ్బు గురించి కాదు నా బాధ.

ఆ మెట్లు కడిగిన నీళ్లు వీధి కాలువలో పడి హంద్రీలోకి పోతాయి. హంద్రీ మన ఊళ్లోనే తుంగభద్రలో కలుస్తుంది. 2020 పుష్కరాలకు అదే తల్లికి పసుపు, కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నాం. ఇది కూడా గ్రూపులో రాశా. దానికి ఎవరూ జవాబివ్వలేదు.

2021లో మున్సిపాలిటీ వాళ్లు ఇంటింటికీ మూడు చెత్తబుట్టలిచ్చారు గుర్తుందా? తడిచెత్తకు పచ్చది, పొడిచెత్తకు నీలంది, ప్రమాదకరమైన వాటికి ఎర్రది. మా అపార్ట్‌మెంట్‌లో ఎర్రబుట్టలన్నిట్లో ఇప్పుడు ఉల్లిగడ్డలున్నాయి. నాది ఖాళీగా ఉండేది. పొద్దున ఆ అక్క వెళ్లిపోయాక మెట్ల మీది సీసాకు మూత గట్టిగా బిగించి, పైకి తెచ్చి, బాల్కనీలో అందులో పెట్టా. పిల్లలకు అందకుండా పైన బరువు పెట్టా.

వచ్చే ఆదివారానికి కుంకుడుకాయలు నానబెడతా. అక్కతో మాట్లాడా, ఇద్దరం కలిసి బ్రష్‌తో రుద్దుతామని చెప్పా. సాయంత్రం నుంచి పెద్దాయన రెండుసార్లు ఫోన్ చేశాడు, వాచ్‌మన్‌ను కూడా పంపాడు, సీసా ఇవ్వమని. ఇవ్వలేదు. ఇవ్వను.