తాజాదనం తడిగుడ్డలో, ఖనిజాలు మట్టిలో

కూరగాయలు ప్లాస్టిక్ లేకుండా తాజాగా ఉండాలి, వాటిలో ఖనిజాలూ పెరగాలి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి, ఏదో ఒక పూతతోనో పిచికారీతోనో తేల్చేయవచ్చని ఆశపడేవాళ్లున్నారు. నాకైతే అందులో పస కనిపించడం లేదు. తాజాదనం కోత తర్వాతి సంగతి. ఖనిజాల లెక్క చాలావరకు కోతకు ముందే తేలిపోతుంది.

వాడిన తోటకూర కట్టనే చూడండి. దాంట్లోంచి పోయింది ప్రధానంగా నీరు. ఆ నీరు కొద్ది శాతం తగ్గినా ఆకు వేలాడిపోతుంది. ఎండకూ ఆలస్యానికీ సి విటమిన్ కూడా తగ్గుతుంది. ఇనుము, కాల్షియం మాత్రం ఎక్కడికీ పోవు. సాయంత్రం సగం ధరకు బేరమాడి ఆ కట్ట తెచ్చుకున్నవారికి ఇనుము విషయంలో నష్టమేమీ లేదు.

ప్లాస్టిక్ కవరు చేసేది ఆ నీటిని ఆపడమే. ఆ పని బాగానే చేస్తుంది, ఒప్పుకోవాలి. కానీ కోశాక కూడా కూరగాయ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. మూతి బిగించిన కవరులో చెమ్మ పట్టి, మన వేసవిలో కుళ్లు తొందరగా మొదలవుతుంది. 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ సంచులపై 2022 చివరి నుంచి నిషేధం ఉంది. సంతకు వెళితే ఆ నిబంధన ఉందన్న సంగతే తెలియదు.

అలాగని కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఆకుకూరలమ్మే వాళ్లు తడి గోనెపట్టా కప్పుతారు. దాని వెనకున్న సూత్రంతోనే ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ 1980లలో కరెంటు అక్కర్లేని చల్లని అర ఒకటి రూపొందించింది. రెండు వరసల ఇటుక గోడ, మధ్య సందులో ఇసుక, పైన గడ్డితో అల్లిన మూత, అంతే. ఇసుకను రోజూ ఉదయం, సాయంత్రం తడిపితే నీరు ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. నడివేసవిలో లోపల బయటికంటే 10 నుంచి 15 డిగ్రీలు తక్కువ, గాలిలో తేమ 90 శాతం దాకా ఉంటుంది. పొడిగాలి వీచే అనంతపురం, మహబూబ్‌నగర్‌లకు ఇది చక్కగా సరిపోతుంది. ఉక్కపోసే కాకినాడ, విశాఖల్లో అంతగా చల్లబడదు. రైతుబజార్లు వచ్చింది 1999లో. మిగిలిన సరుకును పొద్దుగూకే వేళకు అయినకాడికి వదిలించుకునే రైతుకు పొడి జిల్లాల బజారుల్లోనైనా ఇలాంటి అర ఒకటి ఉంటే బేరంలో కొంత బలం వచ్చేది. ఇటుకా ఇసుకా మనకు కొరత కాదు.

ఇంట్లోనైతే ఆకుకూరను కడగకుండా తడి నూలుగుడ్డలో చుట్టండి, ఉల్లిపాయలనూ బంగాళాదుంపలనూ ఒకే బుట్టలో వేయకండి.

ఖనిజాల సంగతికొస్తే కథ పొలంలో మొదలవుతుంది. దేశంలో పరీక్షించిన నేలల్లో మూడో వంతుకు పైగా జింకు తక్కువ. ఏళ్ల తరబడి భాస్వరం ఉన్న డీఏపీ ఎరువును గుమ్మరించిన చేలల్లో భాస్వరం పేరుకుపోయి, ఉన్న జింకును కూడా మొక్కకు అందనివ్వదు. అలాంటి చోట లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి ఆకులపై పిచికారీ చేయమని వ్యవసాయాధికారులు చెప్పేదే. దీనితో దిగుబడీ నిలబడుతుంది, ఆకులో జింకూ పెరుగుతుంది. ఇనుము అంత సులువుగా లొంగదు. సున్నం ఎక్కువున్న నేలల్లో అది ఉండీ లేనట్టే. పాలకూరలో ఉన్నా, దానిలోని ఆక్సలేట్లు, పాలీఫినాల్స్ వంటి సహజ పదార్థాలు దాన్ని ఒంటికి సరిగా పట్టనివ్వవు. పప్పులో పిండే నిమ్మరసం ఇక్కడ అక్కరకొస్తుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌ మహిళల్లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనతతో తేలారు. దానికి ఇనుము లోపమొక్కటే కారణం కాదు, కానీ అది పెద్ద కారణం.

ధరలు చూస్తే ప్రభుత్వం ఎటు మొగ్గుతోందో తెలుస్తుంది. 45 కిలోల యూరియా బస్తా రూ.266.50కే దొరుకుతుంది, అంత భారీ రాయితీ జింకు లాంటి సూక్ష్మపోషకాలకు లేదు. జింకు బాగా ఉన్న తోటకూరకూ, లేనిదానికీ మార్కెట్లో ఒకటే రేటు. ఏ మడిలో ఏది తక్కువో చెప్పాల్సిన భూసార పరీక్ష పత్రాల పథకం 2015లో వచ్చింది, జింకు, ఇనుము, బోరాన్ వివరాలు అందులో ఉంటాయి. అయితే మొదట్లో సాగునీటి భూముల్లో రెండున్నర హెక్టార్లకు, అంటే ఆరెకరాలకు పైగా నేలకు, ఒక్క నమూనా తీశారు. కూరగాయలు పండించేవాళ్లలో చాలామందివి అరెకరం, ఎకరం మడులు, అవీ తరచుగా కౌలువి. పక్కవాడి వరిచేనుతో కలిపి తీసిన సగటు, అలాంటి చిన్న మడికి జింకు వేయాలో వద్దో చెప్పలేదు.