రంగేసే ముందు చేటకు మెంతులు కలిపిన కాగితం గుజ్జు పూయండి

పాత చేటలకు రంగులేసి గోడకు తగిలించడం గురించి మీరు రాసింది చాలా నచ్చింది. ఒక్క మాట. వెదురు మీద నేరుగా యాక్రిలిక్ వేయమన్నారు కదా, అలా వేస్తే రంగు అల్లిక సందుల్లోకి దిగిపోయి గీత తిన్నగా రాదు. మా అమ్మమ్మ వాళ్లు చేటలకు, బుట్టలకు కాగితం గుజ్జు, మెంతులు కలిపి పూసేవారు. నేనూ అదే చేస్తాను. పాత న్యూస్‌పేపర్లు రెండు రోజులు నానబెట్టి, నీళ్లు గట్టిగా పిండేసి, నానిన మెంతులతో మెత్తగా రుబ్బాలి. మెంతుల జిగురే బంకలా పట్టేస్తుంది. చేట లోపల పల్చగా పూసి ఎండలో బాగా ఆరనివ్వాలి. తొందరపడి తడి మీదే రంగేస్తే పెచ్చులుగా ఊడిపోతుంది. ఆరాక ఎర్రమట్టి రంగు వేసి, తెల్ల పెయింట్‌తో చుక్కల ముగ్గు పెట్టి, అంచుకు పాత పట్టుచీర జరీ అంటిస్తే గోడకు ఎంత నిండుదనం వస్తుందో!

అన్నట్టు, హైదరాబాద్‌లో ఉండేవాళ్లు ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత చెక్క ఫ్రేములు కొనేటప్పుడు వెనక్కి తిప్పి, చేత్తో తట్టి చూడండి. పిండిలాంటి పొడి రాలితే పురుగు పట్టినట్టే. నేను చూడకుండా తెచ్చిన ఒక్క ఫ్రేమ్ వల్ల పక్కనున్న రెండూ పారేయాల్సి వచ్చింది.