మోనాలిసాకు వీపు చూపే విద్య

వారాంతపు విహారంలో కళాస్వాదన ఎంత కఠోరమైన సాధనో ఇంట్లో కూర్చున్నవారికి తెలియదు. శనివారం పొద్దున నగరంలో దిగాలి, ఆదివారం రాత్రి తిరుగు రైలు అందుకోవాలి. ఈలోగా ఒక గోపురం, రెండు వంతెనలు, మూడు కూడళ్ళు, ఊపిరాడితే అయిదు శతాబ్దాల చిత్రకళ.

ఈ సాధన పరాకాష్ఠను పారిస్‌లో, లూవ్ర్ మ్యూజియంలోని మోనాలిసా గదిలో చూశాను. అంటే బొమ్మను కాదు, సాధకులను. బొమ్మ ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. దాని ముందు అద్దం, అద్దం ముందు అడ్డుకట్ట, అడ్డుకట్ట ముందు పైకెత్తిన చేతుల అడవి. సాధకుడు వరుసలో నిలబడి, నెట్టించుకుని, తానూ నాలుగు మోచేతి పోట్లు పొడిచి, ఎలాగో ముందుకు చేరతాడు. చేరీ చేరగానే గిరుక్కున వెనక్కి తిరుగుతాడు! ఆవిడకు వీపు చూపించి, చెయ్యి చాచి, ఫోనులోకి పళ్ళికిలిస్తాడు. ఆవిడ ఎందుకు నవ్వుతోందో ఇన్ని వీపులను చూశాక నాకు బోధపడింది.

అసలు చిత్రం ఇక్కడే ఉంది. అలా తిరిగినవాడికి ఎదుటి గోడ నిండా ఇటలీ చిత్రకారుడు వెరొనేసే 1563లో పూర్తిచేసిన ‘కానాలో పెళ్ళి’ అనే బైబిలు కథా చిత్రం ఉంటుంది. దాదాపు 10 మీటర్ల వెడల్పు, 7 మీటర్ల ఎత్తు. 1797లో నెపోలియన్ సేనలు వెనిస్‌లోని ఒక మఠం భోజనశాల నుంచి దాన్ని ముక్కలుగా కోసి మరీ మోసుకొచ్చాయి. దోచుకున్నవాడికైనా దాని విలువ తెలుసు. మనవాడు దానికి ఎదురుగా నిలబడి, తల వంచి, ఫోటోలో తన జుట్టు సరిగ్గా పడిందో లేదో చూసుకుంటాడు. ఇంటి గోడంత బొమ్మ కంట పడకుండా తప్పించుకోవడం మాటలా?

1911లో మోనాలిసాను దొంగ ఎత్తుకుపోయినప్పుడు ఖాళీ గోడను చూడటానికి జనం బారులు తీరారు. నవ్వకండి. వాళ్ళు గోడనైనా కళ్ళతో చూశారు. కాబట్టి మ్యూజియం అధికారులకు నాదొక విన్నపం. ఆవిడను దించి లోపల భద్రంగా దాచండి. ఆ మేకుకు ఒక అద్దం తగిలించండి. వచ్చినవాళ్ళు చూడదలచుకున్న ముఖం ఎటూ అందులోనే కనిపిస్తుంది, వెనక్కి తిరిగే శ్రమా తప్పుతుంది.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇక నా వల్ల కాదు. ఆ రోజు ఏడెనిమిదేళ్ళ పిల్లవాడొకడు ఆ పెళ్ళి బొమ్మ ముందు ఆగాడు. ముందువైపు ఉన్న కుక్కలను లెక్కపెట్టాడు. వాద్యాలు వాయించేవాళ్ళ ముందున్న ఇసుక గడియారం చూశాడు. కుడివైపు జాడీని గోకుతున్న పిల్లి కనిపించగానే, “నాన్నా, పిల్లి!” అని అరిచాడు. తండ్రి వచ్చి రెక్క పుచ్చుకున్నాడు. “ఇది కాదురా చూడాల్సింది, అటు పద!”

ఇది కాదట! సిగ్గుండాలి కదా! అంత గుంపులో బొమ్మను బొమ్మలా చూస్తున్నది ఆ ఒక్క పసివాడు. వాణ్ణి కూడా బరబరా ఈడ్చుకుపోయి, అందరి వీపుల పక్కన వాడి వీపూ నిలబెట్టారు.

“మరి పిల్లి?” అన్నాడు వాడు, మెడ తిప్పి.

“ఇంటికి వెళ్ళాక ఫోటోలో చూద్దువుగాని.”

ఆ ఫోటో ఆయన తీయనే లేదు.