గేటుకు పట్టినది, పడవకు పట్టనిది

విశాఖపట్నంలో సముద్రానికి కిలోమీటరు దూరంలో ఇల్లు ఉన్నవాడికి తుప్పు గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. గేటు, కిటికీ చువ్వలు, మేడ మీది బట్టల తీగ, స్కూటరు సైలెన్సర్, చివరికి బీరువాలో దాచిన గోళ్ళ కత్తెర... పిలవని పేరంటంలా వచ్చి అన్నిటికీ పట్టేస్తుంది. అలాంటి ఊళ్ళో డబ్బు పోసి ఒక ప్లాస్టిక్ జలాంతర్గామి కొని, దానికి తుప్పు పట్టించడానికి రెండు నెలలు తిప్పలు పడ్డవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

అది జపాన్ నౌకాదళం వారి బీ1 తరగతి జలాంతర్గామి. అసలుది దాదాపు 109 మీటర్ల పొడవు. నాది అందులో 350వ వంతు, అంటే బడిపిల్లల అడుగు స్కేలంత. పెట్టె మీద ఐ-19 బొమ్మ ఉంది. 1942 సెప్టెంబరులో అమెరికా వారి వాస్ప్ అనే విమాన వాహక నౌకను ముంచినది అదే. నేను మాత్రం దాన్ని అదే తరగతికి చెందిన ఐ-29గా మార్చాలనుకున్నాను. 1943 ఏప్రిల్ 28న మడగాస్కర్ దగ్గర, అలలు ఎగసిపడుతున్న సముద్రంలో, సుభాష్ చంద్రబోస్ జర్మన్ జలాంతర్గామి యూ-180 దిగి రబ్బరు తెప్ప మీద వచ్చి ఎక్కింది ఈ ఐ-29నే. ఆయన వెంట ఉన్నది మన హైదరాబాదు అబిద్ హసన్.

అసలు దీన్ని 'ఐ' అనడమే తప్పు. జపాన్ వాళ్ళ పాత వర్ణక్రమం 'ఇ, రో, హ' అని మొదలవుతుంది. పెద్ద జలాంతర్గాములకు 'ఇ', మధ్యరకానికి 'రో', చిన్నవాటికి 'హ' అని పేర్లు పెట్టుకున్నారు. ఆ మధ్యరకంలో రో-110 అనేది 1944 ఫిబ్రవరి 11న మన విశాఖ తీరం ముందరే మునిగింది. ఇంగ్లీషు అక్షరం చూసి మనం ఐ అంటున్నాం. ఈ సంగతంతా మా ఆవిడకు ఉత్సాహంగా చెప్పాను.

"ఆ ఇ, ఈలు తర్వాత దిద్దుకుందురు గాని, ముందు గేటు సంగతి చూడండి" అంది.

గేటుకు రంగు వేయించి నాలుగేళ్ళయింది. ఆ మాట ఆమె రెండేళ్ళుగా అంటోంది.

ముక్కలు అతికించడం పెద్ద కష్టం కాలేదు. మనుషులతోనే వచ్చింది చిక్కు. ఈ కొలతలో నేతాజీ బియ్యపు గింజ కంటే చిన్నగా ఉంటారు. సాగదీసిన ప్లాస్టిక్ పుల్లలోంచి ఆయన్నీ, అబిద్ హసన్ గారినీ చెక్కి ఆరబెట్టాను. మా అబ్బాయి వచ్చి ఫ్యాను వేశాడు. నేతాజీ దొరికారు. అబిద్ హసన్ గారి కోసం టార్చిలైటు పట్టుకుని మంచం కింద గంటసేపు పాకాను. అక్కడ దొరికినవి రెండు పిన్నీసులు, ఒక ఎండిన కరివేపాకు.

ఇక అసలు ఘట్టం తుప్పు. నెలల తరబడి సముద్రంలో నానిన జలాంతర్గామి కొత్త పెళ్ళికొడుకులా మెరవకూడదు. ఈ కళకు వెదరింగ్ అని పేరు. అంటే కొత్తదాన్ని పాతబరచడం.

"నేతాజీ వస్తున్నారని వాళ్ళకు ముందే తెలుసా?" అని అడిగింది మా ఆవిడ.

"తెలుసు. ఆయన కోసమే పెనాంగ్ నుంచి అంత దూరం వెళ్ళింది."

"అలాంటి పెద్దమనిషి వస్తుంటే ఎవరైనా కడిగి, రంగు వేసి ఉంచుతారు గాని, తుప్పుతో ఎదురెళతారా?"

దీనికి ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు.

తుప్పుకు ఉప్పు పద్ధతి ఒకటి ఉంది. ముందు తుప్పు రంగు వేసి ఆరబెట్టాలి. దాని మీద కాస్త తడి చేసి ఉప్పు చల్లి, అదీ ఆరాక పైన బూడిద రంగు కొట్టాలి. చివరికి ఉప్పు రాలగొడితే, అది ఉన్నచోటల్లా లోపలి తుప్పు రంగు బయటపడుతుంది. ఈ పద్ధతి కనిపెట్టినవాడు మే నెల విశాఖ ఉక్కపోతను చూసి ఉండడు. నేను రంగు కలుపుకునేలోపు ఉప్పు చెమ్మగిల్లి, నీరై, జలాంతర్గామి వెంట ధారలు కట్టింది. రెండోసారి తెలివి తెచ్చుకుని, ఆవకాయ కోసం ఎండబెట్టి దంచి జల్లించి పెట్టిన ఉప్పులోంచి గుప్పెడు తీశాను. పొడిపొడిగా అద్భుతంగా అంటుకుంది. ఆవకాయ కలిపేటప్పుడు కొలత తగ్గి ఇంట్లో విచారణ జరిగింది. నేను మౌనం పాటించాను.

తుప్పు చారలు ఎలా కారతాయో చూద్దామని బీచ్ రోడ్డులో ఒడ్డున నిలబెట్టిన కుర్సురా దగ్గరకు కూడా వెళ్ళాను. 91 మీటర్ల నిజమైన జలాంతర్గామి! చుట్టూ రెండుసార్లు తిరిగాను. నున్నగా రంగు వేసి ఉంది. నిరాశగా ఇంటికి వచ్చి గేటు తీస్తూ ఆగిపోయాను. నాకు కావలసింది అక్కడే ఉంది. కీలు కింద మొదట ముదురు గోధుమ రంగు మరక, దాని కింద నారింజ రంగు, చివరికి సన్నని పసుపు చార. నాలుగేళ్ళ వానలు గీసిన బొమ్మ అది.

ఆ రోజు నుంచి పడవను గేటు పక్క పిట్టగోడ మీద పెట్టుకుని కూర్చునేవాణ్ణి. పక్కల వెంట నీళ్ళు కారిపోయే రంధ్రాలు వరుసగా ఉంటాయి. ఒక్కో రంధ్రం కింద సూదిమొనంత తుప్పు రంగు చుక్క పెట్టి, టర్పెంటైన్‌లో ముంచి పిండేసిన కుంచెతో కిందికి లాగాలి. గేటు చూడాలి, ఒక చార లాగాలి, మళ్ళీ గేటు చూడాలి. గేటుకు రంగు వేయించే మాట ఎత్తితే, "ఇంకో పది రోజులు ఆగు" అని నేను బతిమాలడం మా ఆవిడకు అనుమానం తెప్పించింది.

చివరి చార లాగిన మర్నాడు, పడవను పిట్టగోడ మీదే ఎండలో ఉంచి బ్యాంకు పనికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి గేటు నల్లగా నిగనిగలాడుతోంది. పైన బల్లెం మొనలకు బంగారు రంగు. మా ఆవిడ పెయింటరును పిలిపించేసింది.

పిట్టగోడ మీద నా జలాంతర్గామి కూడా నల్లగా నిగనిగలాడుతోంది.

"పూర్తిగా తుప్పు పట్టేసింది సార్" అన్నాడు పెయింటరు, పని తెలిసినవాడి ధీమాతో. "ఎమరీ పేపరుతో గీకి, థిన్నరుతో తుడిచి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, దాని మీద మన గేటు రంగే వేశాను. డబ్బాలో ఎలాగూ మిగిలింది."

థిన్నరుకు ప్లాస్టిక్ మెత్తబడి, పెరిస్కోపు అరటి మొవ్వులా పక్కకు వాలింది. దాని కొనకు బంగారు రంగు. వెనకవైపు ఫిరంగికి బంగారు రంగు. వెనక పంకాలకు బంగారు రంగు. డెక్కు మీద నేతాజీకి కూడా, నాలుగు రోడ్ల కూడలిలో విగ్రహానికి వేసినట్టు, తల నుంచి కాళ్ళ దాకా బంగారు రంగు.

మా ఆవిడ బయటికి వచ్చి చాలాసేపు చూసింది.

"ఇప్పుడు ఆయన ఎక్కవచ్చు" అంది.

పెయింటరు చిన్న కాగితం మీద లెక్క రాసిచ్చాడు. గేటు ఒకటి, కిటికీ చువ్వలు రెండు జతలు, పడవ ఒకటి. పడవకు ఎదురుగా సున్నా.

"పిల్లల బొమ్మకు డబ్బులేమిటి సార్" అంటూ సైకిలెక్కాడు. పది గజాలు వెళ్ళి, కాలు ఆనించి వెనక్కి తిరిగాడు. "ఏడాదికోసారి వేయించండి సార్. సముద్రపు గాలికి మళ్ళీ పట్టేస్తుంది."