జింకకు పాసు పుస్తకం ఏదీ?

రాష్ట్ర ప్రగతిని కోరుకునే బాధ్యత గల పౌరుడిగా సూటిగా అడుగుతున్నాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని, సర్కారు కంపెనీలకు ఇవ్వాలని చూసిన కంచ గచ్చిబౌలిలోని ఆ 400 ఎకరాల్లో తిరిగే జింకల దగ్గర పట్టాదారు పాసు పుస్తకం ఉందా? భూమి రికార్డుల పోర్టల్ ధరణిలో పేరు లేదు, దాని తర్వాత వచ్చిన భూభారతిలోనూ లేదు. మ్యుటేషన్ కాలేదు, ఈసీ లేదు. తరతరాలుగా సర్కారీ భూమిలో ఉచితంగా మేస్తూ ఒక్క రూపాయి పన్ను కట్టనివాళ్లను మనం కబ్జాదారులనే అంటాం. కబ్జాలు కూల్చే హైడ్రా ఉన్నది ఎందుకు మరి?

నెమళ్ల సంగతి ఇంకా ఘోరం. అరుస్తాయి. 2025 ఉగాది, రంజాన్ సెలవుల్లో జేసీబీలు దిగి, రాత్రిళ్లు కూడా లైట్లు వేసుకుని మరీ చెట్లు కూల్చాయి. పండగ పూట సర్కారు పని ఇంత దీక్షగా సాగడం ఎప్పుడైనా చూశామా? ఒక్క సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవాడికి తెలుస్తుంది ఆ వేగం విలువ. మెచ్చుకోవాల్సింది పోయి నెమళ్లు గోల పెట్టాయి, సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు జేసీబీలకు అడ్డం పడ్డారు.

ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసెంబ్లీలో ముందే చెప్పారు కదా! అక్కడ జింకలూ లేవు, పులులూ లేవు, అభివృద్ధికి అడ్డుపడే గుంటనక్కలే ఉన్నాయని. పది రోజులైనా తిరక్కుండానే ఒక చుక్కల జింక క్యాంపస్‌లో కుక్కల బారిన పడి చచ్చిపోయింది. సభలో లేదన్న జింక బయటికొచ్చి చావడం సభాహక్కుల ఉల్లంఘన కిందికి వస్తుందేమో న్యాయనిపుణులు పరిశీలించాలి.

ఇక ఏఐ. ఆ భూమిలో 50 వేల కోట్ల పెట్టుబడులు, 5 లక్షల ఉద్యోగాలు అని సర్కారు లెక్క. వచ్చే కంపెనీల్లో సగం ఏఐ పేరు చెప్పుకునేవే అయి ఉంటాయి. తీరా ఆ ఏఐ ఏం చేసింది? ఏడ్చే నెమళ్లు, పరుగెత్తే జింకల బొమ్మలు గీసిపెట్టింది. పందిరి వేసేవాళ్ల మీద పెళ్లికొడుకే రాళ్లేసినట్టు! పోలీసులు ఊరుకుంటారా? బొమ్మ పంచుకున్నందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికీ నోటీసు వెళ్లింది. చెట్లు కొట్టింది నిజం, బొమ్మ అబద్ధం. చట్టం అబద్ధం వెంటే కదా పడాలి.

పర్యావరణం అని గొంతు చించుకునేవాళ్లకు ఆర్థికశాస్త్రం ఒంటబట్టదు. ఆ చుట్టుపక్కల పీకాక్ లేక్‌లో, బఫెలో లేక్‌లో వాన నీళ్లు నిలిచి, ఇంకి, బోర్లలో ఊరితే ఎవరికి లాభం? ఒక్క బిల్లు పుట్టదు. అదే బోరు ఎండిందనుకోండి, ట్యాంకర్ రావాలి. ట్యాంకర్‌కు డీజిల్, డ్రైవర్‌కు జీతం, వాచ్‌మన్ టైము రాసుకోవడానికి రిజిస్టరు, నీళ్లు ఉప్పగా ఉన్నాయని ఆర్వో ప్లాంటు, దానికి ఫిల్టరు, ఫిల్టరుకు ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు. మే నెలలో తెల్లారకముందే మా గేటు ముందు బారులు తీరే ట్యాంకర్లను చూడండి. వాల్వు లీకై రోడ్డు మీదికి కారుతున్నది నీళ్లు కాదు, జీడీపీ.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులన్నీ ఆపేసింది. అప్పటికే సుమారు 100 ఎకరాలు నున్నగా అయ్యాయి. ఆ 100 ఎకరాల్లో మళ్లీ అడవిని ఎలా తెస్తారో చెప్పండి, లేదంటే అక్కడే చెరువు పక్కన తాత్కాలిక జైలు కట్టించి మీ అధికారులను పంపుతామని 16న జస్టిస్ గవాయ్ ధర్మాసనం అంది. కొందరు దీన్ని మందలింపు అనుకున్నారు. నాకు మాత్రం పెద్ద కోర్టు నోట నిర్మాణం అనే మాట రావడమే శుభసూచకంగా తోచింది. పైగా లేక్ వ్యూ.

ఒక చిన్న మనవి. నా ఫ్లాటు పదిహేడో అంతస్తులో, సరిగ్గా అటువైపే. 'ఫారెస్ట్ ఫేసింగ్' అని బ్రోచర్‌లో అచ్చేసి, పై అంతస్తుకు వేసే ఫ్లోర్ రైజ్ కాక చదరపు అడుగుకు అదనంగా గుంజాడు బిల్డరు. నెమలికి పాసు పుస్తకం లేదు గానీ రేటు మాత్రం ఉంది. అందుకే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో తీర్మానం పెట్టాను: అభివృద్ధికి మా సంపూర్ణ మద్దతు, కాకపోతే అది తూర్పు బ్లాకుల వైపు జరగాలి, మా వైపు చెట్లు అలాగే ఉండాలి, లేదంటే వ్యూ చార్జీలు వడ్డీతో సహా వాపసు ఇవ్వాలి. తూర్పు బ్లాకు వాళ్లు స్టే తెచ్చుకోవడానికి లాయర్‌ను వెతుకుతున్నారట.